చిరునామా ఇచ్చి పంపండి

దిక్కులేని పిల్లలుండే హోంలో పెరిగిన కుర్రవాడికి డిసెంబరులో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. నిండగానే హోం విడవాలి. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలేమో మార్చిలో. ఆ మూడు నెలలూ అతడు ఎక్కడ తల దాచుకోవాలి? అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లలకు ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న ఇది. సూపరింటెండెంటు మంచివాడైతే పరీక్షలయ్యేదాకా ఉండనిస్తాడు. లేదంటే లేదు.

ఇలాంటి పిల్లల వెంట ఏళ్ల తరబడి నడిచి లెక్క తేల్చినవాడు అమెరికాలో సోషల్ వర్క్ ఆచార్యుడు మార్క్ కోర్ట్నీ. అయోవా, విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న 732 మందితో ఆయన బృందం 2002-03లో తొలిసారి మాట్లాడింది. అప్పుడు వాళ్ల వయసు 17, 18 ఏళ్లు. 26 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వెతుక్కుంటూ వెళ్లింది. తోటి పరిశోధకులు డ్వోర్‌స్కీ తదితరులతో కలిసి ఆయన 2013లో ప్రచురించిన అంచనా ప్రకారం, వాళ్లలో 31 నుంచి 46 శాతం మంది 26 ఏళ్లలోపు ఒక్కసారైనా నిలువ నీడ లేకుండా గడిపారు.

ఇల్లినాయ్‌లో 21 ఏళ్లదాకా సంరక్షణలో ఉండే వీలుండేది. మిగతా రెండు రాష్ట్రాల్లో దాదాపు అందరినీ 18కే పంపేసేవారు. ఇల్లినాయ్ పిల్లల్లో కాలేజీ మెట్లెక్కినవాళ్లు ఎక్కువ. నిలువ నీడ లేకపోవడం మాత్రం చాలామందికి తప్పలేదు, వాయిదా పడిందంతే. మన అధికారులు పదేపదే చదవాల్సింది ఈ సంగతే. గడువు పెంచిన ఆ మూడేళ్లలో పిల్లలకు ఏం సమకూర్చామన్నదే అసలు లెక్క.

ముప్పు ఎవరికి ఎక్కువో కూడా ఆ పరిశోధన చెప్పింది. సంరక్షణలో ఉండగా ఒకటికి మించి సార్లు పారిపోయినవాళ్లు, చోట్లు మారుతూ పెరిగినవాళ్లు, చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లు, మానసిక వేదనతో ఉన్నవాళ్లు, మగపిల్లలు. ఇందులో ఏదీ దాచిన రహస్యం కాదు, అంతా ఫైల్లోనే ఉంటుంది. విజయవాడ స్టేషన్‌లోనో సికింద్రాబాద్ స్టేషన్‌లోనో దొరికి, హోంకు చేరి, రెండుసార్లు గోడ దూకిన కుర్రవాడిని మనం మొండివాడిగా రాసుకుంటాం. హోం విడిచాక సాయం అందించే ఆఫ్టర్‌కేర్ జాబితాలో మొదటి పేరు అతడిదే కావాలి.

మన చట్టంలో పెద్ద లోటేమీ లేదు. 2015 జువనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్, హోం విడిచే యువతకు ఆర్థిక సాయం అందించవచ్చంటోంది. 2016 నమూనా నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. బాలల సంక్షేమ కమిటీ ఫారం 37లో ఉత్తర్వు ఇస్తే 21 ఏళ్లదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు సాయం అందించవచ్చు. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక ఇల్లు, శిక్షణ కాలంలో స్టైపెండ్, ఒక కౌన్సెలర్, అన్నీ రాసి ఉన్నాయి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4000 రూపాయలు.

చిక్కంతా గడువు దగ్గరే. బయటికెళ్లే ప్రణాళికను రెండు నెలల ముందు కమిటీకి ఇవ్వాలని నియమం. కాగితాలకే ఆ రెండు నెలలు చాలవు. ఆధార్‌కు జోడించిన నంబరు హోం సిబ్బందిదైతే, కుర్రవాడు బయటికొచ్చాక ఓటీపీ ఆ ఫోన్‌కే పోతుంది. మైనర్ బ్యాంకు ఖాతాను కొత్త సంతకంతో, కేవైసీతో మార్చుకోకపోతే వచ్చిన సాయం చేతికందదు. ఇంకొకటి చాలామందికి తెలియదు. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఆదుకునే దిక్కు లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన అనాథాశ్రమంలోనో బడిలోనో చేరిన పిల్లలు మన రాష్ట్రాల్లో బీసీ-ఏ జాబితాలోకి వస్తారు. ఆ సర్టిఫికెట్‌కు ఆధారం హోం రిజిస్టరే. పిల్లవాడు హోంలో ఉండగానే తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు వెళ్లాలి. బయటికొచ్చాక ఒక్కడే తిరిగితే ‘మీ నాన్న కాగితం తీసుకురా’ అంటారు. ఈ పనులన్నీ పదహారో ఏటే మొదలుకావాలి.

ఇక ఇల్లు. అమీర్‌పేటలో నలుగురుండే హాస్టల్ గదిలో ఒక మంచానికి, భోజనానికి కట్టేసరికే ఆ 4000 అయిపోతాయి. మొదటి నెల అడ్వాన్సు ఎవరిస్తారు? హామీ సంతకం ఎవరు పెడతారు? అద్దె ఒప్పందాన్ని జిల్లా బాలల పరిరక్షణ విభాగమే తన పేరిట రాయించుకుని, ఆరుగురికో ఎనిమిదిమందికో తాళం అప్పగించాలి. ఆ ఇంటి చిరునామా లేనిదే విడుదల ఉత్తర్వు మీద కమిటీ సంతకం పెట్టకూడదని మేము గట్టిగా కోరుతున్నాం.

తర్వాత కనీసం మూడు నెలలకోసారి కలవాలి. ఫోన్ ఎత్తలేదని ఫైలు మూసేయకుండా, పని చేసే చోటికి వెళ్లి కలవాలి. మూడు రాష్ట్రాల్లో చెల్లాచెదురైన వందల మంది జాడను ఒక పరిశోధక బృందం ఎనిమిదేళ్లకు పైగా పట్టుకోగలిగింది. ఒక జిల్లాలో ఏటా హోం విడిచేవాళ్ల జాడ ఆ జిల్లా యంత్రాంగానికి తెలిసే ఉండాలి.