సిగరెట్ రేకు మీద పడి ఏడవకండి

మా పాత టాటా లారీ డ్యాష్‌బోర్డు వెనక నుంచి పొగలొచ్చాయని చెప్పగానే అందరిదీ ఒకటే మాట: "ఫ్యూజులో తీగ బదులు సిగరెట్ రేకు చుట్టి ఉంటారు!" నిజమే, చుట్టి ఉంది. ఎవరు చుట్టారో దేవుడికెరుక. కానీ ఆ రోజు కాలిన వైరుకీ ఆ రేకుకీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట చెబితే ఒక్కరూ వినడం లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

రాత్రి పూట కావలి నుంచి నెల్లూరు వస్తున్నాం. బ్యాటరీ కరెంటు చూపించే మీటరు ముల్లు ఉన్నట్టుండి మైనస్ వైపు చివరికి పోయి కొట్టుకుని అక్కడే బిగుసుకుంది. ఆ వెంటనే కమురు వాసన. నాయన బండి పక్కకు తీసి, స్పానరు వెతికే టైం లేక, కటింగ్ ప్లేయరుతోనే బ్యాటరీ లగ్గు పీకేశాడు. టార్చి వేసి చూస్తే, మీటరు నుంచి లైట్ల స్విచ్చికి పోయే లావు వైరు బ్రాకెట్ అంచుకి ఏళ్ల తరబడి రాసుకుని రాగి బయటపడింది. పక్కనున్న నాలుగు వైర్లూ దాంతోపాటే కరిగి బెల్లం పాకంలా అతుక్కుపోయాయి.

మా బండిలో ఫ్యూజు పెట్టె స్విచ్చి దాటిన తర్వాత ఉంది. బ్యాటరీ నుంచి స్విచ్చి దాకా వచ్చే వైరుకి అడ్డుగా ఏ ఫ్యూజూ లేదు. బంగారు ఫ్యూజు వేసినా ఆ రోజు ఆ వైరు కాలిపోయేదే. ఫ్యూజైనా, కరెంటు ఎక్కువైతే తనే ఆపేసే బ్రేకరైనా బల్బును కాపాడటానికి కాదు సామీ, వైరును కాపాడటానికి. షార్టయితే బ్యాటరీ వందల యాంపియర్లు తోసేస్తుంది. వైరు తట్టుకునేదానికన్నా తక్కువ రేటింగు బ్రేకరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. సెల్ఫ్ మోటారు కేబుల్ మాత్రం దాని గుండా పోకూడదు, స్టార్ట్ చేసిన ప్రతిసారీ బ్రేకరు పడిపోతుంది.

షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రీ, "ఏం అబ్బయ్యా, నలభై ఏళ్లు తిరిగిన బండికి ఇప్పుడు కొత్త రోగాలా?" అన్నాడు. నేను బ్రేకరు వేయాల్సిందేనని పట్టుబట్టేసరికి ఇంట్లో వాడే ఎంసీబీ తెచ్చి చేతిలో పెట్టాడు! అది 30 డిగ్రీల వేడిని లెక్కేసుకుని చేసిన సరుకు. మే నెలలో నెల్లూరులో హాల్లోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది, ఇంక ఇంజిన్ పక్కన సంగతి చెప్పాలా? పైగా అది గోడకు బిగించుకునేది, లారీ కుదుపులకి కాదు.

బండ్ల కోసమే చేసే బ్రేకర్లు ఉన్నాయి. లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది, వేడెక్కితే వంగి కరెంటు కట్ చేస్తుంది. కొన్ని చల్లారాక వాటంతటవే కలుస్తాయి, కొన్నింటికి మనం బటన్ నొక్కాలి. హెడ్‌లైట్లకి మొదటి రకమే వేయించాను. 12 వోల్టుల బండి, 60 వాట్ల బల్బులు రెండు, అంటే 10 యాంపియర్లు, దానికి 15 యాంపియర్ల బ్రేకరు. షార్టయినా లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి గానీ హైవే మీద ఒక్కసారిగా చీకటి కాదు. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరుకి మాత్రం బటన్ రకమే. తనంతట తాను కలిసేది అక్కడ పెడితే, కాలే వైరుకి మళ్లీ మళ్లీ కరెంటు ఇచ్చినట్టే.

"ఒరిజినాలిటీ పోయింది" అని ఏడ్చే పాత బండ్ల ప్రేమికులకు దండం. ఈ బండి ఇస్కపల్లి కొఠార్ల నుంచి ఉప్పు తోలింది. చాసిస్ కింద ఒరిజినల్‌గా మిగిలింది తుప్పూ, రాగి మీద పచ్చటి చిలుమూ.

పోయిన నెల కోవూరు దగ్గర వెనక లైట్ల బ్రేకరు పడిపోయింది. నాయన బటన్ నొక్కాడు. టక్కున మళ్లీ బయటికొచ్చింది. నన్ను ఒకసారి చూసి, రెండోసారి నొక్కకుండా, టార్చి తీసుకుని బండి కిందికి దూరాడు.