సినాప్సిస్‌లో సోన్యా లేదు

నవల మొదలుపెట్టే ముందే ప్లాట్ మొత్తం వేసుకోవాలా, రాస్తూ పోతే కథే దారి చూపిస్తుందా? ఈ గొడవ పాతదే, వాదనలూ అందరికీ తెలిసినవే. నా ఓటు రెండోదానికి. అందుకు కారణం ఒక ఉత్తరం.

1865 సెప్టెంబర్‌లో, అప్పుల్లో పీకల దాకా మునిగిన రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ ‘రష్యన్ మెసెంజర్’ పత్రిక సంపాదకుడు కత్కోవ్‌కు రాసిన ఉత్తరం అది. దాని ముసాయిదా మిగిలింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే సినాప్సిస్, అంటే రాయబోయే కథ సారాంశం. యూనివర్సిటీ నుంచి గెంటేసిన పేద కుర్రాడు వడ్డీలకు తిప్పే ముసలామెను చంపుతాడు. తల్లినీ చెల్లెల్నీ గట్టెక్కించాలని. నెల రోజుల పాటు ఎవరికీ అనుమానం రాదు. చివరికి తనే తట్టుకోలేక ఒప్పుకుంటాడు.

ఆయన నవల ‘నేరము–శిక్ష’ ప్లాట్ దాదాపు మొత్తం వచ్చేసింది కదా. కానీ అందులో ఇంటివాళ్ల కోసం ఒళ్లమ్ముకునే సోన్యా లేదు, కేసు దర్యాప్తు చేసే పోర్ఫిరీ లేడు. సోన్యా తండ్రి, ఆ తాగుబోతు మార్మెలాదోవ్, అసలు వేరే నవల కోసం అనుకున్న మనిషి. నవల చదివినవాళ్లను ఏం గుర్తుందని అడిగి చూడండి. హత్య చేసిన గొడ్డలి తర్వాత వీళ్ల పేర్లే చెబుతారు. హంతకుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, సిగరెట్ కాలుస్తూ, కిలకిలా నవ్వుతూ, వాణ్ని పట్టుకోవడమెందుకు, దీపం చుట్టూ పురుగులా వాడే నా చుట్టూ తిరుగుతాడు అంటాడు పోర్ఫిరీ. చదువుతున్న మనకే చెమటలు పడతాయి. ఆ గది సినాప్సిస్‌లో ఎక్కడుంది?

1866 జనవరిలో సీరియల్ మొదలైంది. అంతకు ముందు నవంబర్ చివర్లో, చాలా వరకు రాసేసిన డ్రాఫ్ట్‌ను ఆయన తగలబెట్టేశాడు. కొత్త రూపం, కొత్త ప్లాన్ తనను లాక్కెళ్లాయని తర్వాత మిత్రుడికి రాశాడు. ‘ప్లాన్’ అనే అన్నాడు లెండి. కానీ ఆ ప్లాన్ కాలిపోయిన పేజీలు రాస్తేనే దొరికింది.

డికెన్స్ ప్లాన్ వేసుకోలేదా అంటారు. వేసుకున్నాడు, ‘డాంబీ అండ్ సన్’ నుంచి ప్రతి నెలా భాగానికి ఒక కాగితం చొప్పున. అచ్చయిపోయిన భాగాన్ని వెనక్కి వెళ్లి దిద్దలేడు మరి. అయినా ఆ కాగితాలు చూడండి: ఎడమవైపు తనకు తనే వేసుకున్న ప్రశ్నలు, పక్కన ‘అవును’, ‘వద్దు’, ‘ఇప్పుడే కాదు’. అడుగడుగునా తనను తాను అడుగుతున్న మనిషిని ప్లానర్ అనడానికి నాకు నోరు రాదు.

నా అసలు కోపం ప్లాన్ మీద కూడా కాదు, సినాప్సిస్ మీద. ఇప్పుడు ప్రచురణకర్తకైనా, ఓటీటీకైనా ఒక్క పేజీ రాయకముందే రెండు పేజీల్లో ముగింపుతో సహా చెప్పాలి. అది రాసేవాడికి పనికొచ్చే కాగితం కాదు, కొనేవాడి టెన్షన్ తగ్గించే కాగితం. దొస్తోయెవ్‌స్కీ కూడా డబ్బు కోసమే రాసిచ్చాడు. తేడా ఏమిటంటే, ఇచ్చిన మాటకు కట్టుబడలేదు.

నేను కట్టుబడ్డాను. ఒకసారి ఒక ప్రచురణ సంస్థ సినాప్సిస్ అడిగితే ఇచ్చాను. పదిహేడో అధ్యాయంలో హీరోయిన్ అన్న చనిపోవాలని అందులో ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆ నవలలో ప్రాణమున్న మనిషి వాడొక్కడే. అయినా చంపేశాను. అంతా అనుకున్నట్టే వచ్చిందని ఎడిటర్ చాలా మెచ్చుకున్నాడు.