ముందు ఆ ఎక్సెల్ షీట్‌ను ఊరికి పంపండి

అమెరికాలోని మన సంఘం దసరా ప్రత్యేక సంచిక కోసం సభ్యులు పంపిన పాత ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో కుప్పగా పడి ఉన్నాయి. కొన్నిటి పేరు ‘స్కాన్’, కొన్నిటిది ‘ఐఎంజీ’. వాట్సాప్‌లో వచ్చినవాటికి మన ఫోన్‌కు చేరిన తేదీ, పక్కన ‘డబ్ల్యూఏ’, ఒక నంబరు. అంటే 1970ల నాటి పెళ్ళి ఫొటో 2023లో తీసినట్టు కనిపిస్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి చూసి పేర్లన్నీ మార్పించేద్దామని కార్యవర్గంలో మాట నడుస్తోంది.

మార్చడం పెద్ద పనేం కాదు, సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం అంతకన్నా లేదు. ఫొటోల వివరాలు నింపే ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్‌లో పాత పేరు, పక్క కాలమ్‌లో కొత్త పేరు పెట్టుకుని, మూడో దాంట్లో ఆ రెండిటినీ విండోస్‌లో ఫైల్ పేరు మార్చే ‘రెన్’ కమాండ్‌తో కలిపే చిన్న ఫార్ములా రాస్తే చాలు. దాన్ని చివరి వరుస దాకా లాగి, వచ్చిన వరుసలన్నీ నోట్‌ప్యాడ్‌లో వేసి, కమాండ్లను వరసగా నడిపే బ్యాచ్ ఫైల్‌గా సేవ్ చేసి, ఫొటోలున్న ఫోల్డర్‌లో నడిపిస్తే వేల ఫైళ్ళకైనా నిమిషాల్లో పేర్లు మారతాయి. కాపీ మీదే నడపండి, అసలు ఫైళ్ళ జోలికి పోకండి. నంబర్ల కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి, లేకపోతే ఎక్సెల్ 0012ను 12 చేసేస్తుంది. ఇంకొకటి, ఒక్క కాలమ్‌నే సెలెక్ట్ చేసి, పక్క కాలమ్‌లను వదిలేసి సార్ట్ కొట్టారో, ఒకరింటి పేర్లన్నీ ఇంకొకరింటి ఫొటోలకు అంటుకుంటాయి. అది జరిగినట్టు కూడా తెలియదు.

కొత్త పేరు ఎక్కడి నుంచి వస్తుందన్నదే నా గొడవ. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చున్న మన పిల్లలు ఫొటో చూసి తోచింది నింపుతున్నారు. ‘తాతయ్య, పొలం దగ్గర.’ ఎవరి తాతయ్య? ఏ ఊరి పొలం? ‘పెద్దమ్మ పెళ్ళి’ అని రాసినవారికి ఆమె పెద్దమ్మ, ఇంకొకరికి అమ్మమ్మ. వరసలు ఇంట్లో పిలుపుకు సరిపోతాయి గానీ, షీట్‌లో ఇంటిపేరు, అసలు పేరు ఉండాలి. అవి తెలిసినవాళ్ళు నల్లగొండలోనో వనపర్తిలోనో ఉన్నారు.

ఊరి కాలమ్ చూద్దాం. నల్గొండ, నల్లగొండ, మహబూబ్‌నగర్, మహబూబ్ నగర్, పాలమూరు అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే, ఫిల్టర్ పెట్టినప్పుడు రెండు జిల్లాలు ఐదవుతాయి. డ్రాప్‌డౌన్ లిస్టు పెడితే ఈ బాధ తీరుతుంది. పిల్లలమర్రి అని ఒక్క మాట రాస్తే మాత్రం డ్రాప్‌డౌన్ కూడా ఏమీ చేయలేదు. సూర్యాపేట పక్కన కాకతీయుల నాటి గుడులున్న పిల్లలమర్రా, మహబూబ్‌నగర్ దగ్గరి మర్రిచెట్టా?

జిల్లాల సంగతి ఇంకా చిక్కు. 1987లో అలంపూర్‌లో తీసిన ఫొటో ఏ జిల్లాది? అప్పటికి మహబూబ్‌నగర్. 2016 అక్టోబరు 11 తర్వాత జోగులాంబ గద్వాల. నారాయణపేటైతే 2019లో విడిపోయింది. హుజూర్‌నగర్ వాళ్ళు ఒకప్పుడు నల్లగొండ అని రాసుకున్నారు, ఇప్పుడు సూర్యాపేట. అందుకని ‘అప్పటి జిల్లా’, ‘ఇప్పటి జిల్లా’ అని రెండు కాలమ్‌లు పెట్టాలంటాను. ఫైల్ పేరులో జిల్లా ఊసే వద్దు, ఊరు చాలు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన కృష్ణ ఒడ్డు ఊళ్ళ ఫొటోలుంటే, మ్యాప్‌లో దొరకలేదని పక్క ఊరి పేరు వేయకండి. మునిగిన ఊరి పేరే రాయండి.

తేదీల దగ్గర మన పెద్దవాళ్ళు క్యాలెండర్ చెప్పరు. “సాగర్ కట్ట కట్టేటప్పుడు దిగినం బిడ్డా” అంటారు. సాగర్‌కు పునాది 1955 డిసెంబరులో పడింది, కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అంత వెడల్పు. “మండలాలు రాకముందు” అంటే 1985కు ముందు. ఆ మాటను తుడిచేసి 1960 అని వేయడం నాకు నచ్చదు. వాళ్ళన్న మాట ఒక కాలమ్‌లో అలాగే ఉండాలి, మనం లెక్కగట్టిన ఏడాది పక్కన ‘సుమారు’ అని ఉండాలి. ఫొటో వెనకాల స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత ఉంటే వెనక వైపు కూడా స్కాన్ చేసి అదే నంబరుకు ‘బి’ చేర్చండి.

కాబట్టి ముందు ప్రతి ఫొటోకూ ఒక నంబరు ఇచ్చి, షీట్‌నూ ఫొటోలనూ ఒక్కో ఊళ్ళో ఒకరికి పంపాలి. రిటైరైన పంతుళ్ళున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపితే పేరు మారదు, నాణ్యత తగ్గదు. పెద్దవాళ్ళు టైప్ చేయాల్సిన పని లేదు, నంబరు చెప్పి వాయిస్ మెసేజ్ పెడితే చాలు. ఇదంతా ఉచితంగా చేయించుకోవడం కూడా తప్పే. హాల్ డెకరేషన్‌కు పెట్టే ఖర్చులో కొంత ఆ పిల్లలకు ఇవ్వొచ్చు.

షీట్ తెలుగులోనే నింపనివ్వండి. ఫైల్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఊరు, ఏడాది, నంబరుగా ఉంటే మేలు. తెలుగు పేర్లను ఇప్పటి కంప్యూటర్లు తీసుకుంటాయి గానీ, జిప్ చేసి అటూ ఇటూ పంపేసరికి కొన్నిచోట్ల గజిబిజి అవుతాయి. షీట్‌ను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా దాచేటప్పుడు, తెలుగు అక్షరాలను నిలబెట్టే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకోకపోతే తెలుగు వివరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ సీఎస్‌వీ చదివి వివరాలను ఫొటో ఫైల్ లోపలే రాస్తుంది. రేపు షీట్ పోయినా వివరాలు ఫొటోతోనే ఉంటాయి.

‘ఎవరెవరు’ అన్న కాలమ్ దగ్గర ఆగాలి. స్టూడియోకు వెళ్ళి ఫొటో దిగే స్తోమత ఆ రోజుల్లో ఎవరికుందో మనకు తెలుసు. మనకు వచ్చిన ఫొటోల్లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరికీ పేర్లు రాశారు. పక్కన ఎడ్ల పగ్గం పట్టుకుని నిల్చున్నాయన ‘జీతగాడు’, బిడ్డనెత్తుకున్నామె ‘పనిమనిషి’. వాళ్ళ మనవలు ఆ ఊళ్ళోనే ఉండొచ్చు, పాలమూరు నుంచి పనికి పోయి పుణెలోనో ముంబైలోనో ఉండొచ్చు. వాళ్ళింట్లో ఆయన ఫొటో ఇంకొకటి ఉందో లేదో. ఊళ్ళో అడిగితే ఆ పేరు చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎడమ నుంచి కుడికి, ఫొటోలో ఉన్న ప్రతి మనిషికీ ఒక గడి పెట్టాలని, పేరు దొరికేదాకా దాన్ని ఖాళీగానే ఉంచాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. దసరా సంచిక ఆలస్యమైతే కానివ్వండి.