మూడు లాంతర్ల ఊళ్ళో నాలుగో లాంతరుకు

మహారాజశ్రీ మెరిసే గేరు నాబు గారి దివ్యసముఖానికి,

విజయనగరం నుంచి తమరి డ్రైవరు రాసుకునే విన్నపం. బండి నా పేరునే ఉంది గానీ, తమరు వేంచేసిన నాటి నుంచి అది తమరి వాహనమే కదా. మూడు లాంతర్ల పేరుతో ఒక కూడలే ఉన్న ఊరు మాది. నాలుగో లాంతరు మా 2003 మారుతి 800లో, నా ఎడమ మోకాలి పక్కన వెలుస్తుందని కలలో కూడా అనుకోలేదు.

తమరిని తెచ్చింది మా బావమరిది. "బావా, పాత బండికి కాస్త కళ రావాలి" అన్నాడు. అట్టపెట్టె విప్పితే గేరు రాడ్డు కొనకు బిగించే ఎర్రటి గాజులాంటి గుండు, దాని మెడకు అల్యూమినియం పట్టీ, కింద రెండు తీగలు, ఏ రాడ్డుకైనా సరిపోవడానికి 8, 10, 12 మిల్లీమీటర్ల బుష్షులు మూడు. ఖరీదు ఆరువందల యాభై. ఆ నెలలోనే మెకానిక్కు హెడ్‌లైట్ల లోపలి పూత మాసిపోయిందని, మార్చకపోతే రాత్రిపూట రోడ్డు కనిపించదని చెప్పాడు. వచ్చే నెల చూద్దామన్నాను. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

తమరి కోసం పదవీచ్యుతుడైన పాత నాబు నల్లటి ప్లాస్టిక్కు ముక్క. మా నాన్న అరచేతి కింద నలిగి దాని మీద రెండూ మూడూ అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా గేరు తప్పు పడలేదు. రాడ్డు ఎటు పోవాలో చేతికి తెలుసు, చూసి వేసే పని కాదు. తమరు మాత్రం నెత్తిన ఆరు గేర్లు చెక్కించుకుని వచ్చారు. నా బండికి ఉన్నవి నాలుగు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనుకు ఆరు గేర్ల కిరీటం! మొదటి రోజే మా బావమరిది తమరి మాట నమ్మి, ఐదో అంకె ఉన్న వైపు రాడ్డును తోశాడు. అది గోడకు తగిలినట్టు ఆగిపోయింది. "బిగిసిపోయింది బావా, కొత్తది కదా" అని తమరి తరఫున సంజాయిషీ కూడా ఇచ్చాడు.

పగటి వైభోగం వేరు. మే నెలలో కోట పక్కన గంటసేపు బండి ఆపి వచ్చి తమరి మీద చెయ్యి వేస్తే అట్లపెనం మీద వేసినట్టే. అందుకని జేబురుమాలుతో పట్టుకుని మొదటి గేరు వేస్తున్నాను. పొయ్యి మీంచి గిన్నె దించడం మా ఆవిడకు ఎంత అలవాటో, ఇది నాకు అంత అలవాటైంది.

అసలు కథ తీగలది. ఎలక్ట్రీషియన్ తమరిని పార్కింగు లైట్ల తీగకు కలిపాడు. లైట్లు వేసినప్పుడే వెలుగుతారని, తాగే కరెంటు కూడా చిటికెడేనని చెప్పాడు. నిజమే. కానీ గేరు మార్చిన ప్రతిసారీ తమరితో పాటు ఆ తీగ కూడా కదులుతుంది. రాడ్డు కింద రెక్సిన్ తొడుగులో ఒక ఇనుప అంచు ఉంది. రెండు నెలల రాపిడికి తీగ పైతొడుగు చిరిగి, లోపలి రాగి బండి బాడీకి తగిలింది. ఆ బాడీయే బ్యాటరీకి రెండో కొస. ఫ్యూజు పోయింది. దానితో వెనక లైట్లు, నంబరు ప్లేటు దీపం, మీటరు వెలుగు, తమరు అందరూ కలిసి ఆరిపోయారు.

నేను గమనించింది ఎవరిని? తమరిని! "నాబు వెలగడం లేదు" అని పరుగెత్తాను. ఎలక్ట్రీషియన్ కూడా అడిగినదానికే జవాబు ఇచ్చే మనిషి. చిరిగిన తీగ కోసేసి, తాళం తిప్పగానే కరెంటు వచ్చే మరో తీగకు కలిపి, మూడువందలు తీసుకున్నాడు. తమరు పగలూ రాత్రీ వెలగసాగారు. మీటరు చీకటిగా ఉంటే బల్బు పోయిందేమో అనుకున్నాను. వెనక్కి వెళ్ళి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

ఇక్కడి నుంచి 'తమరు' అనడం నా వల్ల కాదు. ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళాం. అక్కడ ఏడాదికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలు తాకుతాయి. జనం దానికోసం తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. నువ్వు ఏడాది పొడవునా నా మోకాలిని తాకుతున్నావు, చూసేవాడు లేడు. తిరుగు ప్రయాణంలో నాతవలస దగ్గర జాతీయ రహదారి దిగి విజయనగరం దారి పట్టేసరికి బాగా చీకటి పడింది. వెనక ఒక లారీ కీచుమని బ్రేకు వేసింది. మా ఆవిడ గట్టిగా అరిచింది. లారీ మెల్లగా పక్కకు వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి వంగి, ఎర్రగా వెలుగుతున్న నిన్నూ, ఎర్రబడ్డ నా ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"బాబూ, వెనకాల ఒక్క దీపం లేదు. లోపల దీపారాధన చేస్తున్నారా?"

ఆ ఫ్యూజు ధర పది రూపాయలు. మర్నాడే వేయించాను. నిన్ను విప్పి మా నాన్న నాబు పెట్టమన్నాను కూడా. రాలేదు. బుష్షు వదులుగా ఉందని ఎలక్ట్రీషియన్ మొదట్లో లోపల గమ్ము పోశాడట, ఇప్పుడు రాడ్డుతో సహా కోయాలట. తీగ తీసేద్దామంటే మా బావమరిది ముఖం చిన్నబోయింది. చివరికి మా చిన్నవాడి నల్ల స్కూలు సాక్సు ఒకటి నీకు తొడిగాను. అల్లిక సందుల్లోంచి ఇంకా ఎర్రగా చూస్తున్నావు. రేపు సోమవారం. పొద్దున్నే వాడు రెండో సాక్సు ఏదని అడుగుతాడు. జవాబు నువ్వే చెప్పుకో.

ఇట్లు,
నీ డ్రైవరు