ఒక సామెతకు సవరణ

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నారు పెద్దలు. ఇంగ్లండు చూడని పెద్దలు. లీడ్స్‌లో ఓక్ చెట్లున్నాయి, బీచ్ చెట్లున్నాయి. అవన్నీ ఉండగానే మా మేనకోడలి పెరట్లో ఆముదం మహావృక్షంగా చలామణీ అవుతోంది. కనుక ‘ఏ చెట్టూ లేనిచోట’ అన్న మాటను సామెతలోంచి తక్షణం తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను.

ఆ గింజను మార్చిలో ఇంట్లోనే, వెచ్చటి కిటికీ పక్కన మొలిపించాలట. మే నెలాఖరు దాకా గడప దాటనివ్వకూడదు, మంచు కాటేస్తుంది. ఆ తర్వాతా వారం పదిరోజులు పగలు బయట, రాత్రి లోపల. (మా అమ్మ నన్నే ఇంత పొదువుకుని పెంచలేదు.) ఇంతా చేస్తే శీతాకాలం తొలిమంచుకే నల్లబడి చస్తుంది. మా మేనకోడలు చేమదుంపలు కూడా తవ్వి, ఆరబెట్టి, గ్యారేజీలో దాస్తుంది. పులుసుకు కాదు, వచ్చే ఏడాది ఆకులు చూసుకోవడానికి! అరటిబోదెకి గడ్డి చుట్టి పైన దుప్పటి కప్పుతుంది. అది బాస్జూ అనే జాతి, గెల వేసినా తినడానికి పనికిరాదు. పోనీ ఆకుల్లో భోంచేస్తున్నారా అంటే, "కొయ్యడానికి చేతులెలా వస్తాయి మావయ్యా?" అంది.

ఇదేదో మా పిల్ల ఒక్కదాని పిచ్చి అనుకునేరు. లండన్ బాటర్సీ పార్కులో 1860లలోనే ఇలాంటి వేడిదేశపు ఆకుమొక్కలతో తోట వేశారు. 1990లలో క్రిస్టఫర్ లాయిడ్ అనే పెద్దమనిషి తన గ్రేట్ డిక్స్‌టర్ తోటలో గులాబీలు పీకించి అరటి, మెట్టతామర పెట్టించాడు. మన ఊళ్ళో ఆ పని చేసినవాడికి ఇంట్లో అన్నం పెట్టరు.

మొన్న రోహిణి కార్తెలో ఫోను. వారంగా ఎండ మొహం చూడలేదు, ఆముదం వేలాడిపోతోంది, అరసవల్లి వెళ్ళి సూర్యుడికి దణ్ణం పెట్టమని. మొక్క కోసం మొక్కు! వెళ్ళాను. అరికాళ్ళు కాలుతుంటే "స్వామీ, కాస్త ఎండ" అని పైకే అనేశాను. పక్కన వాన కోసం మొక్కుకుంటున్నాయన నా నుంచి రెండడుగులు జరిగాడు.

తిరిగొచ్చేసరికి మా వీధి కాలవ గట్టున ఒక ఆముదం మొక్క నిలబడి ఉంది. ఎవరూ కిటికీ పక్కన పెంచింది కాదు. వీడియో కాల్లో దాన్ని మేనకోడలికి చూపిద్దామని ఫోను తెచ్చేలోగా, కాలవ బాగుచేసే మనిషి వేళ్ళతో సహా పెకలించి కుప్ప మీదకి విసిరాడు.

"ఆముదం మొలిసింది బాబూ, పీకీసినాను. టీకి పది రూపాయలియ్యండి."

ఇచ్చాను.