రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య చదివిన పిల్లలకు కుర్చీ ఏది?

సర్దార్ పటేల్ రోడ్డు చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లందరికీ తెలిసిన రోడ్డే. అన్నా విశ్వవిద్యాలయం, కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థ, ఐఐటీ మెయిన్ గేటు, అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అన్నీ దాని మీదే. ఇంజినీరు, కెమిస్టు, డాక్టరు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నారు. అయినా ఈ గేట్లలో రెండింటి పనిని కలిపి చదివిన పిల్లకు మూడో చోట ఉద్యోగం దొరకడం ఇంత కష్టం ఎందుకైంది? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

ఈ మధ్య ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా ‘ఇంటర్‌డిసిప్లినరీ’ అన్న బోర్డు కనిపిస్తోంది. 2020 జాతీయ విద్యావిధానం 2040 కల్లా ఉన్నత విద్యాసంస్థలన్నీ బహుళ శాస్త్రాల సంస్థలు కావాలని లక్ష్యం పెట్టింది. మంచిదే, నేను మనసారా కోరుకునేదీ అదే. కానీ బోర్డు పెట్టడం ఒక ఎత్తు, ఆ బోర్డు కింద చదువుకుని బయటికొచ్చిన మనిషికి బతుకుదెరువు చూపించడం ఇంకో ఎత్తు. మనం మొదటి ఎత్తు దగ్గరే చప్పట్లు కొట్టి ఆగిపోతున్నాం.

ఈ ఊళ్లో ఇలా సబ్జెక్టుల గోడలు దాటే పని కొత్తేమీ కాదు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోలు పని అంటే ముఖం తిప్పుకునే రోజుల్లో ఆ శాస్త్రాన్నే ఎంచుకున్నారు. 1958 నుంచి 1971 దాకా తోళ్ల పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. ల్యాబులో తేల్చిన సంగతి తోళ్లు ఊనేవాళ్ల చేతికి అందకపోతే అది సగం పనే అన్నట్టు నడిపించారు ఆ సంస్థను. నాయుడమ్మ గారిలాగే 1922లో పుట్టిన జి.ఎన్. రామచంద్రన్ గారు 1952లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఫిజిక్స్ ప్రొఫెసరుగా వచ్చారు. రెండేళ్లకే, 1954లో, గోపీనాథ్ కర్తాతో కలిసి కొలాజెన్ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. మూడు పేటల తాడులా మెలితిరిగి ఉంటుందది. మన చర్మంలో, ఎముకలో, స్నాయువుల్లో ఉండే ప్రోటీన్ అది. పశువు తోలులో ఉన్నదీ అదే. క్రోమియం లవణాలు ఈ కొలాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి కాబట్టే ఊనిన తోలు కుళ్లకుండా చెప్పుగా, సంచిగా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ కొలాజెన్ ఎలా ఉంటుందన్న ప్రశ్నకు జవాబు చెప్పింది ఎక్స్‌రే పట్టుకుని కూర్చున్న ఫిజిక్స్ మనిషి. ఆయన 1970ల్లో బెంగళూరు ఐఐఎస్‌సీకి (భారతీయ విజ్ఞాన సంస్థకు) వెళ్లి అక్కడ మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ఫిజిక్స్ మనిషికి బయాలజీలో కుర్చీ వేసిన సంస్థ అది. అందుకే ఆ పని ఆయనతో ఆగిపోకుండా తరాలుగా సాగింది.

ఇప్పుడు అదే తోలు దగ్గర ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలకు వచ్చే పచ్చి తోళ్లు పాడవకుండా ఉప్పు దట్టిస్తారు. టానరీలో, అంటే తోళ్లు ఊనే కర్మాగారంలో, నానబెట్టి కడిగితే ఆ ఉప్పంతా నీళ్లలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు పాలారు పరీవాహకంలో బావులనూ పొలాలనూ పాడుచేశాయి. 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ దేశ చట్టంలో భాగమని చెప్పింది ఈ వెల్లూరు టానరీల కేసులోనే. ఆ తర్వాత శుద్ధి కేంద్రాలు వచ్చాయి, నీటిలోని ఉప్పును వడగట్టే ఆర్‌ఓ పొరలు వచ్చాయి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి చేసే యంత్రాలూ వచ్చాయి. చివరికి మిగిలేది మురికి పట్టిన ఉప్పు గుట్ట. దాన్ని కొనేవాడు లేడు, పారేసే చోటు లేదు. ఉప్పు తగ్గించి తోలు నిలవచేయడం కెమిస్ట్రీ. నీటిని శుభ్రం చేయడం సివిల్, కెమికల్ ఇంజినీరింగు. ఉప్పులో బతికే బ్యాక్టీరియాతో కుళ్లు తినిపించడం మైక్రోబయాలజీ. ఆవిరి చేయడానికయ్యే కరెంటు ఖర్చును చిన్న టానరీ తట్టుకోగలదా అన్నది ఆర్థికశాస్త్రం. పాలారు ఒడ్డు రైతుకు మాత్రం వీటిలో ఏ ఒక్కటీ విడిగా పనికిరాదు.

సరిగ్గా ఈ ఉప్పునీటి మీదే పీహెచ్‌డీ చేసిన మన అమ్మాయి ఒకరు నాకు బాగా తెలుసు. నెల్లూరు వైపు నుంచి వచ్చింది, పేరు రాయను. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పీహెచ్‌డీ సివిల్ డిపార్ట్‌మెంటులోని పర్యావరణ విభాగంలో. శాంపిళ్లు సివిల్ ల్యాబు ఫ్రిజ్‌లో ఉండేవి, సెంట్రిఫ్యూజ్ బయాలజీ బ్లాకులో ఉండేది. మధ్యాహ్నం ఎండలో ఐస్ బాక్సు పట్టుకుని ఆ రెండింటి మధ్య నడిచేది. ఒక్క రసాయనం తెప్పించాలంటే ఇండెంటు మీద ఏ హెచ్‌వోడీ సంతకం పెట్టాలి, సీసా ఏ స్టాక్ రిజిస్టరులో ఎక్కాలి అన్నది తేలడానికే వారాలు గడిచేవి. అవన్నీ ఓర్చుకుంది. థీసిస్ బాగా వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగాల ఇంటర్వ్యూలు. ఒక కాలేజీ బయాలజీవాళ్లు, “పీహెచ్‌డీ సివిల్‌లో కదమ్మా” అన్నారు. ఇంకో కాలేజీ సివిల్‌వాళ్లు, “బీటెక్ లేదు కదమ్మా” అన్నారు. ఇద్దరూ మర్యాదగానే అన్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే తరహా నిబంధన: అసిస్టెంట్ ప్రొఫెసరుకు డిగ్రీలు సంబంధిత సబ్జెక్టులోనో, దానికి దగ్గరి సబ్జెక్టులోనో ఉండాలి. ఏది దగ్గరిదో తేల్చేది ఉద్యోగం ఇచ్చేవాళ్లే.

ల్యాబులో గోడలు చాలావరకు కూలిపోయాయి. ఉద్యోగ ప్రకటనలో మాత్రం గోడ చెక్కుచెదరలేదు. 2025 జనవరిలో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) విడుదల చేసిన ముసాయిదాలో, పాత డిగ్రీల సబ్జెక్టు ఏదైనా, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ చేసిన సబ్జెక్టును బట్టి తీసుకోవచ్చన్న ప్రతిపాదన ఉంది. ఆ ముసాయిదాలో మిగతా విషయాల మీద రాష్ట్రాలకు అభ్యంతరాలు ఉండవచ్చు, ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను.

నియమం పెడితే మార్పు వస్తుందని ఈ ఊళ్లోనే రుజువైంది. తరమణిలోని ఐఐటీ రీసెర్చ్ పార్కులో ఆఫీసు తీసుకున్న కంపెనీ అద్దె కట్టి ఊరుకుంటే చాలదు. ప్రాజెక్టు ఇచ్చో, పిల్లలకు పని నేర్పో ఏటా క్రెడిట్లు సంపాదించాలి. కంపెనీకీ క్యాంపస్‌కీ మధ్య గోడకు అలా తలుపు పెట్టారు. రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య గోడకు అలాంటి తలుపు ఎందుకు పెట్టకూడదు? ఒక పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు కలిసి పనిచేస్తే అధ్యాపకుల మదింపులో ఇద్దరికీ పూర్తి మార్కులు వేయండి, సగం సగం పంచకండి. ఒక పోస్టును రెండు డిపార్ట్‌మెంట్లు కలిసి ప్రకటించండి.

అన్నీ కలిపి చదివితే దేనిలోనూ లోతు ఉండదని పెద్ద ప్రొఫెసర్లు అంటారు. ఆ భయం నాకూ ఉంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే నాలుగు సబ్జెక్టులు తలా కాస్త రుచి చూపించే కోర్సులంటే నాకు నమ్మకం లేదు. రామచంద్రన్ గారు ముందు ఎక్స్‌రే ఫిజిక్స్‌లో ఆరితేరారు, తర్వాతే ప్రోటీన్ల జోలికొచ్చారు. ఐఐఎస్‌సీలో 1974లో పల్లెల కోసం ‘అస్త్ర’ కార్యక్రమం మొదలుపెట్టి, పొగ లేని పొయ్యిల దాకా వెళ్లిన అమూల్య రెడ్డి గారు అప్పటికే ఎలక్ట్రోకెమిస్ట్రీలో పేరున్న మనిషి. ఐఐటీ మద్రాసులో సుజాతా శ్రీనివాసన్ గారి బృందం 2019లో తెచ్చిన, కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టే ‘అరైజ్’ చక్రాల కుర్చీ వెనక ఉన్నదీ గట్టి మెకానికల్ ఇంజినీరింగే. ముందు ఒక సబ్జెక్టులో కాలు గట్టిగా ఊనాలి. ఊనిన తర్వాత గడప దాటినవాణ్ని శిక్షించకూడదు.

ఇక చెన్నై తెలుగువాళ్ల మన సంఘం సంగతి. ఏటా మనం ఇచ్చే ప్రతిభా పురస్కారాలు జేఈఈ, నీట్ ర్యాంకులకే పోతున్నాయి. ఆ పిల్లల్ని ఎత్తుకుని లాలించేవాళ్లు చాలామంది ఉన్నారు. పీహెచ్‌డీ ఫెలోషిప్ ఐదేళ్లతో ఆగిపోయాక, థీసిస్ సమర్పించి ఉద్యోగం దొరికే దాకా ఉండే నెలల్లో రెండు డిపార్ట్‌మెంట్ల పిల్లలకు ఎవరూ లేరు. సొంతూరు తిరిగి వెళ్లిపోయేది, కోచింగ్ సెంటర్లో చేరిపోయేది ఆ నెలల్లోనే. కార్యవర్గానికి నా ప్రతిపాదన: వచ్చే ఉగాది నుంచి ఒక్క పురస్కారం మొత్తాన్ని ఈ నెలల ఖర్చుకు కేటాయించండి. చెన్నైలో చదివే తెలుగు స్కాలర్లెవరైనా అర్హులే, ఇద్దరు గైడ్లు వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లయి ఉంటే చాలు. దరఖాస్తులు చూడటానికి మన సభ్యుల్లోనే రిటైరైన ప్రొఫెసర్లు ఉన్నారు, అడిగితే కాదనరు. మొదటి ఏడాది మొత్తంలో నా వంతు నేను ఇస్తాను. జనవరి సమావేశం ఎజెండాలో ఈ అంశం చేర్చమని కార్యదర్శి గారికి ఉత్తరం కూడా రాశాను.