కార్బన్ లేకపోతే టీటీ రాదా?

పిల్లల్ని టేబుల్ టెన్నిస్ (టీటీ) కోచింగ్‌లో చేర్చిన తల్లిదండ్రులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. పూర్తి చెక్క బ్లేడ్, అంటే బ్యాట్‌లో రబ్బర్ కింద ఉండే పలక, కొత్తగా నేర్చుకునేవాళ్లకే పనికొస్తుందట. స్పీడు కావాలంటే కార్బన్ పీచు కలిసిన బ్లేడ్ తప్పదట. పెద్ద టైటిళ్లు చెక్కతో ఎవరూ గెలవలేదట. పైగా చెక్క మన వానలకు ఆగదట, కాబట్టి ఆరు నెలలు తిరక్కుండానే మార్చేయాలట. ఇందులో నిజం అక్కడక్కడా ఉంది. మిగతాదంతా కొనిపించే మాట.

మొదట ఆ కార్బన్ ఎంత ఉంటుందో చూద్దాం. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నియమాల ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి. జిగురు పొరలో కార్బన్ లాంటి పీచు కలపొచ్చు కానీ, ఆ పొర బ్లేడ్ మందంలో 7.5 శాతం, 0.35 మిల్లీమీటర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. 6 మిల్లీమీటర్ల బ్లేడ్‌లో 5.1 మిల్లీమీటర్లు చెక్క ఉండి తీరాలన్నమాట. చెక్క పాతకాలపు సరుకని చెప్పేవాళ్లు ఆడుతున్నది కూడా చాలావరకు చెక్కతోనే.

స్పీడు విషయంలో మెసేజ్‌ది సగం నిజం. గట్టిగా కొట్టినప్పుడు చెక్క కాస్త వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. కార్బన్ ఆ వంగడాన్ని తగ్గిస్తుంది, అందుకే బంతి త్వరగా వదిలిపోతుంది. బంతి బ్లేడ్ మధ్యలో కాకుండా కొంచెం పక్కన తగిలినా షాట్ చచ్చిపోదు. బ్లాక్ చేసేటప్పుడు ఇది హాయిగా ఉంటుందని కార్బన్‌కు మారినవాళ్లు చెప్పేది నిజమే. కానీ చెక్కలన్నీ ఒకటేనా? స్టిగా కంపెనీ క్లిప్పర్ లాంటి ఏడు పొరల పూర్తి చెక్క బ్లేడ్‌తో టేబుల్ దగ్గర నిలబడి స్మాష్ కొట్టేవాడి ముందు నిలబడితే, చెక్క నెమ్మది అనే మాట నోటికి రాదు. ఐదు పొరల ఆల్‌రౌండ్ బ్లేడ్‌ను చూసి చెక్క మొత్తానికీ తీర్పు చెప్పేశారు.

మెసేజ్‌లో అసలు లేనిది నెట్ దగ్గర చిన్నగా వేసే బంతుల ఆట. తొందరపడి కార్బన్‌కు మారిన పిల్లల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి: సర్వ్ అందుకుంటే బంతి పైకి లేస్తోంది, పుష్ (బంతి కింద కోసినట్టు మెల్లగా నెట్టే షాట్) టేబుల్ దాటిపోతోంది, నెట్ దగ్గర చిన్నగా వేద్దామంటే కుదరడం లేదు. లూప్ (బంతిని ఒరుస్తూ టాప్‌స్పిన్‌తో కొట్టే షాట్) మాత్రం అదిరిపోతోంది, అదీ పడినప్పుడు. మామూలు క్లబ్ మ్యాచ్‌లో ఎక్కువ పాయింట్లు పోయేది ర్యాలీలో ఆ మొదటి మూడు నాలుగు షాట్లలోనే కదా! ఐదు పొరల చెక్కతో బంతి రబ్బర్‌లోకి ఎంత దిగింది, ఒరుసుకుంటూ పోయిందా, నేరుగా తగిలిందా అన్నది అరచేతికి తెలుస్తుంది. తప్పు కొడితే బంతి నెట్‌లో పడి తప్పని చెబుతుంది. కార్బన్ ఆ తప్పుల్లో కొన్నింటిని అవతలి వైపుకు దాటించేస్తుంది. పిల్లవాడు గెలుస్తాడు, కోచ్ మాత్రం తల పట్టుకుంటాడు.

ఇక ఛాంపియన్ల సంగతి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సింగిల్స్ ఫైనల్లో వాంగ్ హావోను ఓడించిన కొరియా ఆటగాడు ర్యూ సియుంగ్‌మిన్ చేతిలో ఉన్నది హినోకి అనే జపాన్ చెక్కతో చేసిన ఒంటి పొర పెన్‌హోల్డ్ (పెన్ను పట్టుకున్నట్టు పట్టే) బ్యాట్. 2008 బీజింగ్ స్వర్ణ విజేత మా లిన్ పేరుతో యసకా కంపెనీ అమ్మిన బ్లేడ్లలో ఎక్స్‌ట్రా ఆఫెన్సివ్ కూడా పూర్తి చెక్కదే. అప్పటి బంతి సెల్యులాయిడ్‌ది, స్పీడ్ గ్లూ (రబ్బర్‌కు వేగం పెంచే జిగురు) మీద నిషేధం ఇంకా అమల్లోకి రాలేదు, నిజమే. 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చాక అగ్రశ్రేణిలో ఎక్కువమంది పీచు కలిసిన బ్లేడ్లే వాడుతున్నారు. కానీ వాళ్లు రోజుకు గంటలకొద్దీ సాధన చేసి, ఆ వేగాన్ని అదుపు చేయగల చేతులతో వాడుతున్నారు. వారానికి మూడు సాయంత్రాలు ఆడే పిల్లవాడికి ఆ లెక్క వర్తించదు.

వానల మాట. చెక్క తేమ పీలుస్తుంది, కాదనను. అయితే కార్బన్ బ్లేడ్‌లోనూ బయటి పొర చెక్కే కాబట్టి అదీ పీలుస్తుంది, రబ్బర్ పీకేటప్పుడు అదీ పేళ్లు లేస్తుంది. జూలైలో బంతి జారిపోతోందంటే చాలాసార్లు కారణం రబ్బర్ మీద పట్టిన చెమ్మ. పొడిబట్టతో తుడిచి చూడండి.

ఆరు నెలల గడువు ఎవరు పెట్టారో గానీ, దానికి ఆధారమేమీ లేదు. టేబుల్‌కు దూరం జరిగి పూర్తి స్వింగ్‌తో సరిగ్గా కొట్టినా బంతిలో బలం చాలడం లేదని కోచ్ అంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా ముందు చూడాల్సింది రబ్బర్: అరిగిందా, దాని కింది స్పాంజ్ మరీ పలచగా ఉందా అని. అది సరిపోకపోతే ఏడు పొరల చెక్క, ఆ తర్వాత కార్బన్ లోపల, నడిమి చెక్కను ఆనుకుని ఉండే రకం. ఏది కొన్నా షాపులో తూకం వేయించండి, ఒకే మోడల్లో ఒక్కో బ్లేడ్‌కు కొన్ని గ్రాముల తేడా ఉంటుంది. పదేళ్ల పిల్ల మణికట్టుకు ఆ గ్రాములు బాగానే తెలుస్తాయి.